మంచులో ముందు లేచినవారు

మంచు విషయంలో తెలుగు భాషకు కొంత పిసినారితనం ఉంది. గడ్డిపరక కొసన మెరిసే బిందువూ మంచే. తెల్లవారుజామున ఊరిని, చెరువును, కొండను ఒక్క గుక్కలో మింగే పొగా మంచే. హిమాలయాల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న తెల్లని రాశీ మంచే. చెరకురసం బండివాడు సుత్తితో పగలగొట్టే దిమ్మ మంచుగడ్డ. మామిడి పూతను పీల్చి రైతు చేత కన్నీరు పెట్టించే పురుగుకు సైతం తేనెమంచు పురుగు అనే పేరు. పండితులు హిమం, తుషారం, నీహారం అంటూ సంస్కృతం నుంచి అరువు తెచ్చుకున్నారు గాని, పొయ్యి దగ్గర కూర్చున్నవారికి ఆ ఒక్క మాటే సరిపోయింది. అవసరం లేనిచోట మాటలు పుట్టవు. నల్లమల అంచున ఉన్న మా అర్ధవీడులో ఎండకు ఎన్ని పేర్లో చూడండి: నీరెండ, లేతెండ, చిరుటెండ, మండుటెండ, ఆపైన వడగాడ్పు. ఏడాదిలో అధికభాగం మాకు వాటితోనే పని.

ఈ పిసినారితనం వల్ల ఫోనులో తమాషాలు జరుగుతుంటాయి. మా అక్క కొడుకు చికాగోలో ఉద్యోగం చేస్తున్నాడు. డిసెంబరులో ఫోను చేసి, "మామా, ఇక్కడ రాత్రి నుంచి మంచు పడుతోంది" అంటాడు. "ఇక్కడా పడుతోంది నాయనా, ఎదురిల్లు కనబడటం లేదు" అంటాను. ఇద్దరం చెప్పిందీ నిజమే. అతని మంచు పారతో ఎత్తవలసిన సరుకు. మా మంచు, పొద్దు బారెడెక్కేసరికి తనంతట తానే సెలవు తీసుకుపోయే అతిథి. 2019 జనవరి 30న అతని నగరంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 30 డిగ్రీలు దాటి పడిపోయింది. మా ఊళ్ళో పాదరసం పదిహేను, పదహారు డిగ్రీల దగ్గరకు దిగితే చాలు, మనుషుల ఆనవాళ్ళు మారిపోతాయి. కోతిటోపీ, దాని మీద మఫ్లరు, ఆ పైన తువ్వాలు. సలాం చేసినవారు ఎవరన్నది గొంతును బట్టి పోల్చుకోవలసిందే. జవాబు చెప్పవలసినవారి నోరు కూడా మఫ్లరులోనే ఉంటుంది గనుక, "వ అలైకుం సలాం" సగం బయటికి, సగం ఉన్నిలోకి పోతుంది.

మన రాష్ట్రంలో చలికి పెట్టింది పేరు లంబసింగి. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు వేయి మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరిని ఆంధ్రా కాశ్మీరం అంటారు. దానికి కొర్రబయలు అనే మరో పేరు కూడా ఉంది. రాత్రి ఆరుబయట నిలబడినవాడు తెల్లారేసరికి కొయ్యబారి పోతాడని ఆ పేరు వచ్చిందట. అక్కడ సైతం పచ్చిక మీద మంచు గడ్డకట్టడమే గాని, ఆకాశం నుంచి తెల్లగా కురవడం ఉండదు. కంభం చెరువు గట్టున మాకు కనిపించేది మరో రకం. రాత్రి గాలి చల్లబడిపోతుంది, చెరువు నీరు మాత్రం పగటి వెచ్చదనాన్ని దాచుకొని ఉంటుంది. ఆ నీటి నుంచి లేచిన తేమ చల్లగాలి తగలగానే పొగలా మారుతుంది. చెరువు మొత్తం ఎవరో పొయ్యి మీద పెట్టినట్టు ఉంటుంది. ఆ ఆవిరిని చూసి వెచ్చగా ఉంటుందేమోనని కాలు పెట్టినవారికి సంగతి వెంటనే తెలిసిపోతుంది.

మేనల్లుడు ఒకసారి మంచు కురుస్తున్న దృశ్యాన్ని ఫోనులో పంపాడు. మా అక్క దాన్ని కళ్ళజోడు సర్దుకొని చాలాసేపు చూసి, "పైన ఎవరో దూది ఏకుతున్నారేమిరా?" అంది. మాది నూర్ బాషా కుటుంబం. దూది ఏకడం మా తాతల వృత్తి. పెద్ద విల్లు లాంటి సాధనం, దానికి బిగించిన నరాల తీగ, ఆ తీగను మీటే కొయ్య గుండు. ఒక్కొక్క దెబ్బకు పాత పరుపులో ముద్దకట్టిన దూది విడివడి, గదంతా తెల్లగా ఎగిరి, ఏకేవాడి కనుబొమ్మల మీద, గడ్డం మీద వాలేది. చలికాలం ముందు నెలలే వారికి గిరాకీ. ఊరందరి పరుపులూ బొంతలూ వెచ్చబడేది వారి చేతిలోనే. తరువాత యంత్రాలు వచ్చాయి, ఆపైన స్పాంజి పరుపులు వచ్చాయి, విల్లు అటకెక్కింది. చికాగో మంచును చూడగానే మా అక్కకు తోచిన ఆ పోలిక పండితులకు తోచకపోవచ్చు. ప్రళయదినాన పర్వతాల స్థితిని వర్ణిస్తూ అల్ ఖారిఅ సూరా వాటిని ఏకిన ఉన్నితో పోల్చిందన్న సంగతి మాత్రం మా ఇంట చిన్నప్పుడే తెలుసు. ఆ ఆయతు అర్థం మా తాతలకు ఎవరూ విడమరచి చెప్పవలసిన పని ఉండేది కాదు.

మంచును కంటితో చూడనివారు కూడా దాన్ని నోటితో పలుకుతున్నారన్నది నాకెప్పుడూ ముచ్చటగా తోచే విషయం. నమాజులో తొలి తక్బీరుకూ ఖుర్ఆన్ పఠనానికీ నడుమ కొద్దిసేపు మౌనంగా ఉన్నప్పుడు తాము ఏమి పలుకుతారని హజ్రత్ అబూ హురైరా (రజి) అడగగా, దైవప్రవక్త (స) ఒక దుఆ నేర్పారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ అది నమోదయింది. తన పాపాలను నీటితో, మంచుతో, వడగళ్ళతో కడిగివేయమని దాసుడు అందులో తన ప్రభువును వేడుకుంటాడు. మంచు అరుదైన హిజాజు నేల మీద నేర్పిన ప్రార్థన అది. ఈ మూడింటినే ఎందుకు చెప్పారన్న ప్రశ్నకు వ్యాఖ్యాతలలో కొందరు ఇచ్చిన సమాధానం ఆలోచింపజేసేది: మంచు, వడగళ్ళు ఇంకా ఏ చేయీ తాకని, ఏ వాడకానికీ లోనుకాని నీరు. అర్ధవీడు పిల్లలకు వీటిలో వడగళ్ళు మాత్రమే పరిచయం. వేసవి గాలివానలో అవి పెంకుల మీద టపటప రాలగానే తల మీద గిన్నె బోర్లించుకొని ఏరుకోవడానికి పరుగెత్తుతారు. అన్నూర్ సూరా 43వ ఆయతులో ప్రస్తావించిన వడగళ్ళు ఇవేనని చెబితే, ఒక బుడతడు చేతిలో ఉన్నదాన్ని నోట్లో వేసుకోవాలా వద్దా అని క్షణకాలం ఆలోచించి, "బిస్మిల్లాహ్" అని వేసుకున్నాడు.

చలికాలంలో ఈ బుడతలే పెద్ద ధర్మశాస్త్రవేత్తలుగా మారిపోతారు. ఫజ్ర్ వేళకు దుప్పటి తీయగానే, "నాకు తయమ్ముం చాలు" అనే ఫత్వా దుప్పటి లోపలి నుంచే వెలువడుతుంది. వారి వాదనకు ఆధారం లేకపోలేదు. హిజ్రీ 8వ సంవత్సరంలో జరిగిన జాతుస్సలాసిల్ దండయాత్రలో, ఎముకలు కొరికే చలిరాత్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి)కు గుస్ల్ విధి అయింది. స్నానం చేస్తే ప్రాణానికే ముప్పని భయపడి ఆయన తయమ్ముం చేసి సహచరులకు నమాజు చేయించారు. తిరిగి వచ్చాక దైవప్రవక్త (స) విచారించగా, మిమ్మల్ని మీరు చంపుకోకండన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని గుర్తు చేశారు. దైవప్రవక్త (స) నవ్వారు, మరేమీ అనలేదు. అబూ దావూద్ గ్రంథంలోని ఈ ఉల్లేఖనం ధర్మం మనిషికి ప్రాణాంతకమైన భారం కాదని చాటుతుంది. అయితే మా పదహారు డిగ్రీల చలికి, పక్కనే వేడినీళ్ళు ఉండగా, ఆ సౌలభ్యం వర్తించదని చెబితే మా ఫఖీహులు చాలా నిరుత్సాహపడతారు. కష్టమనిపించే వేళల్లో వుజూను సంపూర్ణంగా చేయడం పాపాలను తుడిచివేసే ఆచరణల్లో ఒకటని ముస్లిం గ్రంథంలోని హదీసు చెబుతోంది. వాళ్ళు అది విని, మోచేయి దాకా నీళ్ళు పోసుకొని, ఒక చిన్న కేక పెట్టి, స్వర్గానికి ఒక అడుగు దగ్గరయ్యామన్న సంతృప్తితో బయటికి వస్తారు.

ఇక వేడినీళ్ళ సంగతి. చలి అందరికీ ఒకటేనంటారు. ఒకే కప్పు కింద ఉన్నవారికి కూడా అది ఒకటి కాదు. ప్రతి ఇంట్లోనూ ఒకరు ముందు లేస్తారు. పెరట్లోకి వెళ్ళి, మంచుకు తడిసి పొగ తప్ప మంట ఇవ్వని కట్టెలను ఊది ఊది రాజేసి, కాగులో నీళ్ళు పెడతారు. ఆ నీళ్ళు కాగేలోపు నమాజు వేళ దగ్గరపడుతుంది గనుక తన వుజూ చన్నీళ్ళతోనే ముగిస్తారు. తరువాత లేచినవారందరికీ వేడినీళ్ళు సిద్ధంగా ఉంటాయి. కాగు పెట్టిన చేతికే ఆ వేడి అందదు. ఆ ఒక్కరూ ఎవరన్నది పాఠకులకు చెప్పవలసిన అవసరం లేదు. చాలా ఇళ్ళలో అమ్మ, కొన్ని ఇళ్ళలో కొత్తగా వచ్చిన కోడలు, ఇంకొన్ని చోట్ల మోకాళ్ళ నొప్పులతో నిద్రపట్టని నానమ్మ. "నీళ్ళు ఇంకా కాగలేదా?" అనే ప్రశ్న మాత్రం ఎప్పుడూ దుప్పటి కింద నుంచే వస్తుంది.

రాత్రివేళ లేచి నమాజు చేసి, తన భార్యను కూడా లేపే పురుషుణ్ణి, అలాగే తన భర్తను లేపే స్త్రీని అల్లాహ్ కరుణించుగాక అని దైవప్రవక్త (స) ప్రార్థించినట్లు అబూ దావూద్‌లో ఉంది. లేవకపోతే ముఖం మీద కాసిని నీళ్ళు చిలకరించవచ్చునని కూడా అందులో ఉంది. ఇందులో పురుషులు సాధారణంగా మొదటి సగమే గుర్తుంచుకుంటారు. జనవరి నెలలో రెండో సగాన్ని ఎవరైనా ఇల్లాలు అమలుపరిస్తే, ఆ చిలకరింపు ఎంత ప్రభావవంతమో వేరుగా చెప్పాలా! లేపడం ఇద్దరి బాధ్యత అయినప్పుడు, లేచి నీళ్ళు కాచడం ఒక్కరి బాధ్యత ఎలా అవుతుంది? దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు, ఇంటివారి పనుల్లో నిమగ్నులై ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు బుఖారీలో నమోదయింది. ఆ సున్నత్ నడవడానికి అర్ధవీడు పెరటిలో కావలసినంత చోటుంది.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. రమజాన్ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కొన్నేళ్ళుగా అది వేసవిని వదిలి చలికాలం వైపు నడుస్తోంది. 2030లో జనవరి తొలివారంలో ఒక రమజాన్, డిసెంబరు చివరి వారంలో మరో రమజాన్ ప్రారంభమవుతాయి. శీతాకాలపు ఉపవాసాన్ని శ్రమ లేకుండా చేతికందిన యుద్ధప్రాప్తితో పోల్చిన ఉల్లేఖనం తిర్మిజీలో ఉంది. మా వైపు వేసవి ఉపవాసం కంటే చలికాలపు ఉపవాసం సుమారు రెండు గంటలు తక్కువ, దప్పిక బాధా తక్కువే. అందరికీ అది శ్రమలేని ప్రాప్తి అవుతుంది, సహ్రీ వండేవారికి తప్ప. వారు గడ్డకట్టిన నూనె సీసాను పొయ్యి పక్కన పెట్టి కరిగించుకుంటూ, చన్నీళ్ళలో బియ్యం కడుగుతూ, ముప్పై రోజులు అందరికంటే ముందు లేవాలి. ఆ ప్రాప్తిలో వారికీ సమాన భాగం దక్కేలా చూడటం ఇంటివారి చేతిలో ఉంది.

నీళ్ళ విషయంలో ఒక చిన్న ఉపాయం కూడా ఉంది. నేల లోతున నీటికి కాలాలతో పెద్దగా నిమిత్తం లేదు. ఏడాది పొడవునా దాని ఉష్ణోగ్రత దాదాపు ఒకేలా ఉంటుంది. అందువల్లే వేసవిలో చల్లగా తోచే బోరు నీరు చలికాలపు తెల్లవారుజామున వెచ్చగా తగులుతుంది. రాత్రంతా మేడ మీద సిమెంటు ట్యాంకులో నిలిచిన నీరు మాత్రం సూదుల్లా గుచ్చుతుంది. మసీదు కమిటీలవారు ట్యాంకును రాత్రి ఇషా తరువాత నింపే బదులు, కరెంటు అనుకూలిస్తే, ఫజ్ర్ అజానుకు కాస్త ముందు మోటారు వేయించగలిగితే, వృద్ధులైన నమాజీలు జీవితాంతం దుఆ చేస్తారు. దీనికి ఖర్చు ఏమీ లేదు, ఒకరు ముందు లేవాలి, అంతే.

వేడి కోసం తొందరపడి ప్రమాదం తెచ్చుకోవడం కూడా ఈ రోజుల్లోనే ఎక్కువ. నీళ్ళు కాచే హీటరు రాడ్డును ఇనుప బకెట్టులో పెట్టరాదు. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీశాకే నీటిలో చేయి పెట్టాలి. పిల్లలున్న గదిలో దాన్ని వదిలి మరో పనికి వెళ్ళరాదు. గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపులు, కిటికీలు బిగించి నిద్రపోవడం మరీ ప్రమాదకరం. బొగ్గుల నుంచి వెలువడే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవారికి అది తెలియనే తెలియదు. పడుకునేటప్పుడు ఇళ్ళలో నిప్పును అలాగే వదలవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు బుఖారీ, ముస్లింలలో ఉంది. పద్నాలుగు వందల ఏళ్ళ నాటి ఆ హెచ్చరిక ఇప్పటికీ కొత్తదే.

ముందు లేవవలసినవారు చికాగోలోనూ ఉన్నారు. అక్కడ పగలు ఏడు నుంచి సాయంత్రం ఏడు లోపు కురిసిన మంచును రాత్రి 10 గంటలలోపు, రాత్రి కురిసినదాన్ని మరునాటి ఉదయం 10 గంటలలోపు తొలగించాలి. ఇంటి ముందరి కాలిబాటను కనీసం 5 అడుగుల వెడల్పున శుభ్రం చేయడం ఆ స్థలం యజమాని బాధ్యతని నగర నిబంధన. చక్రాల కుర్చీలో వెళ్ళేవారు, వృద్ధులు, బడికి నడిచే పిల్లలు జారిపడకుండా ఉండాలన్నది దాని ఉద్దేశం. మా మేనల్లుడు ఫజ్ర్ నమాజు ముగించి, పార పట్టుకొని తన వాకిలితో పాటు పక్కింటి ముసలమ్మ వాకిలి కూడా ఎత్తిపోస్తాడట. ఆ మాట విన్న మా అక్క, "ఇక్కడున్నన్నాళ్ళు నీళ్ళచెంబు కూడా ఎత్తలేదు వీడు. అక్కడి మంచు మహిమ గొప్పదే" అని నిట్టూర్చింది. అందులో సంతోషం ఎంతో, ఫిర్యాదు ఎంతో తేల్చడం కష్టం.

ఆ నగరంలో ఇంకో వింత ఉంది. వీధిలో కారు నిలిపే చోటు మంచుతో నిండిపోతే, కష్టపడి తవ్వుకున్నవాడు తిరిగి వచ్చేవరకూ అది తనదేనని గుర్తుగా పాత కుర్చీనో, విరిగిన బల్లనో అక్కడ పెట్టి వెళ్తాడు. దీనికి వారు 'డిబ్స్' అని పేరు పెట్టారు. నగరపాలకులు దాన్ని హక్కుగా ఒప్పుకోరు, అయినా ఆ కుర్చీని కదిపే ధైర్యం చాలామందికి ఉండదు. మేనల్లుడు దీన్ని మహాశ్చర్యంగా చెప్పాడు. కంభం బస్టాండులో ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టిన మాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. చికాగోవారికి ఆ విద్య మన దగ్గర నుంచే వెళ్ళి ఉండాలని మా అక్క తీర్మానించింది.

కుర్చీ సంగతి నవ్వుకోవడానికి బాగుంటుంది గాని, దారిలో వస్తువు పెట్టడం మా వైపు నవ్వులాట కాదు. పంట ఇంటికి చేరే రోజులూ, పొగమంచు కమ్ముకునే రోజులూ మాకు దాదాపు ఒకటే. కల్లం లేని రైతుకు తారు రోడ్డే కల్లం. మొక్కజొన్నలు, కందులు, వడ్లు రోడ్డు మీద ఆరబోసి, బండ్లు తొక్కకుండా అంచున పెద్ద పెద్ద రాళ్ళు వరుసగా పేరుస్తారు. సాయంత్రం గింజలు ఇంటికి వెళ్తాయి, రాళ్ళు మాత్రం రోడ్డు మీదే నిద్రపోతాయి. తెల్లవారుజామున పది అడుగుల అవతల ఏముందో కనిపించని మంచులో పాలకేనుతో, కూరగాయల మూటతో, ఫజ్ర్ నమాజుకో బయలుదేరినవాడి ద్విచక్రవాహనం ఆ రాయిని వెతుక్కుంటూ వెళ్ళినట్టే వెళ్తుంది. ఆ రైతు దుర్మార్గుడు కాడు. గింజ తడిస్తే ధర తగ్గుతుందన్న బెంగ అతనిది. ఆ బెంగలో రాళ్ళు గుర్తుకు రావు. విశ్వాసానికి అనేక శాఖలున్నాయని, దారి నుంచి హాని కలిగించే వస్తువును తొలగించడం వాటిలో అతి చిన్నదని ముస్లిం గ్రంథంలోని హదీసు చెబుతోంది. అతి చిన్నదని చెప్పింది, అక్కరలేనిదని చెప్పలేదు. చికాగోలో చట్టం చేయిస్తున్న పనిని మా ఊళ్ళో ఈమాన్ చేయించాలి.

గింజలు ఎత్తిన సాయంత్రమే రాళ్ళు కూడా ఎత్తి గట్టు మీద పడేయడానికి పావుగంట చాలు. మనం పెట్టిన రాళ్ళు కాకపోయినా ఫజ్ర్‌కు వెళ్ళే నలుగురు తలా రెండు రాళ్ళు తీసి పక్కన పెడితే, ఆ తరువాత వచ్చే పాలవాడు క్షేమంగా ఇల్లు చేరుతాడు. ఇంట్లోనేమో ఈ చలికాలం పోయేలోపు వంతు వేసుకొని చూడండి: ఒకరోజు నాన్న, ఒకరోజు పెద్దబ్బాయి, ఒకరోజు చిన్నబ్బాయి ముందు లేచి కాగు కింద మంట పెట్టాలి. మొదటిరోజు పొగ తప్ప మంట రాకపోవచ్చు. కట్టెలను రాత్రే లోపల పెట్టుకోవాలన్న జ్ఞానం రెండోరోజుకు వస్తుంది. మూడోరోజుకు నీళ్ళు కాగుతాయి. ఆ నీళ్ళలో మొదటి చెంబు అమ్మకు ఇవ్వండి.